పులివెందుల దారిలో మొరాయించిన అంబాసిడర్

నేను ట్యూన్ చేసిన ఇంజన్ చచ్చుబడిందని ఎవరైనా అంటే నాకు అన్నం సహించదు. అందుకే మద్రాసులో మా షెడ్డుకు ఆ ట్రంకాల్ వచ్చిన రోజు సగం తిన్న కంచం పక్కకు నెట్టి లేచాను. మాట్లాడింది ప్రొద్దుటూరు నుంచి ఓబులేసు అనే మనిషి. "సారూ, నువ్వు చేసిన ఇంజను పులివెందుల దారిలో సచ్చిపోతాంది. బిన్నా రా. పెద్దాయన సభకు పోయే లోపల ఇది తేలకుంటే ఈడ ఒక మనిషికి మూడుతాది" అన్నాడు. ఏ మనిషికి అని అడిగేలోపే లైను తెగింది.

ముందు కారు సంగతి చెప్పాలి. అదొక పాత అంబాసిడర్. జమ్మలమడుగు వైపు ఒక పార్టీ నాయకుడిది. పేరు రాయను. అక్కడ అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు, నేనూ అలాగే అంటాను. అవి ఫ్యాక్షన్ రోజులు. బాంబుల భయంతో ఆయన కారు తలుపుల్లోనూ, వెనక సీటు వెనకాలా ఇనప రేకులు పెట్టించాడు. దాంతో కారు బరువెక్కి, ఎత్తుదారిలో లారీలు కూడా దాన్ని దాటిపోసాగాయట. వెనకనుంచి ఎదురుపార్టీ జీపు తరిమితే ఏం గతి? అందుకని కారును మా షెడ్డుకు పంపాడు. మాది రేసు కార్ల ఇంజన్లు చేసే షెడ్డు. హెడ్డు అరగదీయించి, ఒక కార్బురేటర్ ఉన్నచోట రెండు బిగించి, పొగగొట్టం వెడల్పు చేసి, ఆ ముసలి బండికి మళ్ళీ పడుచుదనం తెప్పించాను. ఒకళ్ళను ఒకళ్ళు చంపుకోవడానికి నా పనితనం ఎందుకని మనసు పీకిన మాట నిజమే. తప్పించుకుని పారిపోవడానికే కదా అని సర్దిచెప్పుకున్నాను. కారు తీసుకుపోవడానికి వచ్చిన డ్రైవరు దేవదానం గూడూరు దాకా నడిపి చూసి తిరిగొచ్చి, "ఇది కారు కాదు సారూ, కోడెగిత్త" అన్నాడు. ఆ మాటతో నా కష్టమంతా మరిచిపోయాను.

రాత్రి బొంబాయి మెయిలెక్కాను. రిజర్వేషను దొరకలేదు. పనిముట్ల పెట్టెనే కుర్చీ చేసుకుని రేణిగుంట దాకా గడిపి, ఆ తర్వాత కాస్త నడుం వాల్చాను. తెల్లవారుతుండగా ఎర్రగుంట్లలో దిగాను. ఆ దారిన వెళ్ళేవారికి నా సలహా ఒకటే: తెల్లచొక్కా వేసుకోవద్దు. సిమెంటు లారీలు వరసగా పోతుంటాయి, బస్సెక్కే లోపలే మనం కూడా ఫ్యాక్టరీలో పనిచేసే వాళ్ళలా తయారవుతాం.

ప్రొద్దుటూరు బస్సులో పక్కన కూర్చున్నాయన చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి వస్తున్నాడు. "యాడికి పోతాండావప్పా?" అన్నాడు. కారు బాగుచేయడానికన్నాను. ఎవరి కారో చెప్పాను. ఆయన కాసేపు కిటికీలోంచి గోడల మీది పార్టీ గుర్తులు చూశాడు. తర్వాత లేచి, "గాలి సరిగ్గా రాలేదప్పా ఈడ" అని వెనక సీట్లోకి వెళ్ళిపోయాడు. కిటికీ పక్క సీటు ఆయనదే మరి! నేను పనిముట్ల పెట్టె కాళ్ళ కిందికి జరుపుకున్నాను.

ప్రొద్దుటూరులో దిగగానే కారందోసె తిన్నాను. ఆ ఎర్రకారానికి రైలు నిద్ర మొత్తం వదిలిపోయింది. బంగారం అంగళ్ళ వీధి వెనక పెద్దాయనకు ఒక మిద్దె ఉంది. వాకిట్లో అంబాసిడర్, దాని పక్కన ఓబులేసు, నలుగురు మనుషులు. ఓబులేసు గొర్రెలు కాసుకునే ఇంటి నుంచి వచ్చి పెద్దాయనకు కుడిభుజమైన మనిషి. మీసాలూ, గొంతూ రెండూ పెద్దవే. దేవదానం మాత్రం దూరంగా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మిషను బడిలో చదువు చెప్పిన అయ్యవారి కొడుకు, ఎప్పుడూ నోట్లో ఏదో ఒక కీర్తన సన్నగా తిరిగే మనిషి. ఆ రోజు నోరు కట్టేసినట్టున్నాడు. కారు తాళాలు అతని దగ్గర లేవు, ఓబులేసు దగ్గర ఉన్నాయి.

నన్ను పక్కకు తీసుకుపోయి ఓబులేసు చెప్పిన కథ ఇది. ముద్దనూరు దాటినాక పులివెందుల దారిలో ఒక వంక, అంటే చిన్న వాగు, ఉంది. వంక గట్టున ఎదురుపార్టీ వాళ్ళ ఊరు. ఇప్పటికి మూడుసార్లు పెద్దాయన ఆ దారిన పోతే, మూడుసార్లూ కారు సరిగ్గా ఆ వంక దగ్గరే నీరసించి, ఈడ్చుకుంటూ పోయి ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ మామూలుగా నడిచింది. ప్రొద్దుటూరు మెకానిక్కులు ప్లగ్గులు మార్చారు, కార్బురేటర్లు కడిగారు. ఇక్కడ ఊళ్ళో నడిపితే ఏ లోపమూ లేదు.

"ఊర్లో నడుస్తాది, ఆడికి పోతే నిల్చిపోతాది. ఇనుముకు ఆ ఊరు ఈ ఊరని తెల్సునా సారూ? నిలబెట్టే మనిషికి తెల్సు" అని దేవదానం వైపు చూశాడు. "ఇంజనుది తప్పయితే నువ్వు జవాబు చెప్పు. ఇంజను బాగుండాదంటే వాడు చెప్తాడు."

ఆ జవాబు ఎలా చెప్పిస్తారో ఆ నలుగురి మొహాలు చూస్తే తెలిసిపోయింది.

ఆ రోజంతా ఇంజన్ మీదే ఉన్నాను. పాయింట్లు, టైమింగు, కంప్రెషను, పెట్రోలు పంపు, బ్రేకులు పట్టేస్తున్నాయేమో అని చక్రాలు, అన్నీ చూశాను. మైదుకూరు రోడ్డు మీదికి తీసుకుపోయి తొక్కితే ఇనపరేకుల బరువుతో సహా ఉరికింది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ఇంకెప్పుడైనా అయితే కాలరెగరేసి ఉండేవాణ్ణి. కానీ ఆ రోజు ఇంజన్ బాగా పలికినకొద్దీ నా గుండె జారిపోయింది. నా పనితనం ఎంత గొప్పదైతే దేవదానానికి అంత ముప్పు. ఇలాంటి పేచీ నా జీవితంలో మరెప్పుడూ చూడలేదు.

సాయంత్రం అతని పక్కన అరుగు మీద కూర్చున్నాను. "నిజం చెప్పు దేవదానం, ఏం జరుగుతుందక్కడ?"

"ఎక్సలేటరు తొక్కుతాంటా సారూ, కాలు కింద ఏమీ ఉండదు. గాలిని తొక్కినట్టుంటాది. పారిపొమ్మంటాంది మా యమ్మ. పోతే తప్పు చేసినోన్నయితా గదా?"

ఓబులేసు దగ్గరికి పోయి, కారు చచ్చిపోయేది ఎక్కడో అక్కడికే పోదామన్నాను. పెద్దాయన పోయినప్పుడు ఏమేం చేస్తారో అన్నీ అలాగే చేయాలన్నాను. అదే దారి, అదే బరువు, అంతే మంది మనుషులు. ఒక్కటే తేడా. నడిపేది నేను.

మర్నాడు పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిని ఏడు గంటలకల్లా బయల్దేరాం. నా పక్కన దేవదానం, వెనక ఓబులేసూ ఇద్దరు మనుషులూ, వాళ్ళ కాళ్ళ దగ్గర నేను పేరడగని ఒక సంచి. జమ్మలమడుగులో పెట్రోలు పోయించాం. ఇదొక కట్టుబాటట. పరాయి బంకులో పోయించరు, అక్కడ పెద్దాయన చుట్టం బంకు ఉంది. పులివెందుల దారి పట్టేముందు ట్యాంకు గొంతుదాకా నింపాలి, ఎటు పారిపోవాల్సి వస్తుందో తెలీదు కనుక. పెట్రోలు మూతకు తాళం. ఆ తాళంచెవి డ్రైవరు దగ్గర ఉండదు. పెద్దాయన మొలతాడుకే కట్టుకుని తిరుగుతాడు. ఆ రోజుకు మాత్రం ఓబులేసు మొలతాడుకు వచ్చింది. అతను దిగి, పంచె సర్దుకుని, మూత తీసి, నిండినాక మళ్ళీ బిగించి తాళం వేశాడు. నేను స్టీరింగు దగ్గర కూర్చుని బంకు పక్కన జామకాయలమ్మే ఆవిడతో బేరమాడుతున్నాను. చూడాల్సింది అక్కడే ఉందని నాకేం తెలుసు!

ముద్దనూరు కొండదారి ఎక్కుతుంటే కారు పాట పాడింది. కొండ దిగి, ముద్దనూరు దాటి, పులివెందుల రోడ్డు పట్టాం. రెండు పక్కలా నల్లరేగడి, అక్కడక్కడ బత్తాయి తోటలు. ఎదురుగా వంక మీది మోరీ, అదే చిన్న వంతెన, కనపడింది. నేను కాలు ఇంకాస్త నొక్కాను.

కాలు కింద ఏమీ లేదు. అతను చెప్పిన మాట అక్షరాలా నిజం. ఇంజన్ దగ్గి, ఒక్కసారి ఊగి, మోరీ దాటకుండానే ఆగిపోయింది.

"ఇంకేం కావాలప్పా?" అన్నాను వెనక్కి తిరిగి. "తొక్కింది నా కాలు. నేనూ అమ్ముడుపోయానా?"

"వాడు పొద్దున్నే ఏమో చేసిపెట్టింటాడు" అన్నాడు ఓబులేసు. కానీ గొంతులో మునుపటి జోరు లేదు. ఇద్దరు మనుషులు సంచి పట్టుకుని దిగి ఊరివైపు చూస్తూ నిలబడ్డారు.

అక్కడే వంకలో బర్రెలు తోలుకుంటూ ఒకామె వస్తోంది. ఆ ఊరి మనిషే. కాస్త దూరంలో ఆగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని అరిచింది: "ఏమప్పా, మల్లా ఈడనే నిల్పినారా? ప్రతిసారీ మా ఊరి ముందర కారు నిల్పి ఏం చూస్తాండారు? మా మగోల్లు మీరు మీదికొస్తారని మిద్దెల మింద కాపలా కాస్తాండారు. పండుకునేది ల్యా, తినేది ల్యా. కొట్టుకునేదుంటే బిన్నా కొట్టుకోండి, మా పన్లు మేం చేసుకుంటాం!"

వాళ్ళు డ్రైవర్ని కొని తమను ఆపిస్తున్నారని వీళ్ళు, వీళ్ళు దాడికి దారి చూసుకుంటున్నారని వాళ్ళు! ఇంకోసారి ఇక్కడ కారు ఆగితే నెత్తురు పారేదే. "కారు చెడిపోయిందమ్మా, అంతే. ఒక్క అరగంట" అని అరిచాను. ఆమె నమ్మినట్టు లేదు. బర్రెల్ని అక్కడే నిలిపి చూస్తూ ఉండిపోయింది.

బానెట్ ఎత్తాను. వేడి ప్లగ్గు గుడ్డతో పట్టుకుని ఊడదీసి చూస్తే మొన తెల్లగా ఎండిపోయి ఉంది. అంటే పెట్రోలు అందక మాడుతోంది. కార్బురేటర్ల మూతలు తీస్తే రెండింటిలోనూ అడుగంటింది. పంపు పైపు ఊడదీసి, దేవదానాన్ని స్టార్టరు నొక్కమన్నాను. ధారగా రావాల్సింది, ముక్కు చీదినట్టు నాలుగు చుక్కలు పడ్డాయి. పంపు నిన్న నేను చూసిందే, దానికి ఏ రోగమూ లేదు. పంపు లాగుతోంది, ట్యాంకు వదలడం లేదు. నిండా పెట్రోలున్న ట్యాంకు ఎందుకు పట్టి ఉంచుకుంటుంది?

"ఓబులేసూ, మూత తాళం ఇటివ్వు."

"యాలప్పా? నిండా ఉండాది గదా."

"ఇవ్వమంటుంటే!"

నేనంత గట్టిగా అరుస్తానని నాకే తెలీదు. అతను మొలతాడు నుంచి తాళంచెవి విప్పి ఇచ్చాడు. మూత అర తిప్పు తిప్పానో లేదో, బుస్సుమని పెద్దగా నిట్టూర్చినట్టు గాలి లోపలికి పోయింది. సంచి పట్టుకున్న మనుషులు బాంబనుకుని రెండడుగులు వెనక్కి గెంతారు. నేను పంపు దగ్గరికి పరుగెత్తాను. "కొట్టు దేవదానం!" స్టార్టరు తిరిగింది. పైపులోంచి పెట్రోలు నా చొక్కా మీదికి చిమ్మింది. పెట్రోలు కంపు అంత ఇంపుగా ఎప్పుడూ తోచలేదు.

మూత చేతిలోకి తీసుకుని వెలుగులో పెట్టి చూశాను. ఏ పెట్రోలు మూతకైనా లోపలికి గాలి పోవడానికి సన్నటి చిల్లు ఉంటుంది. దీనికి లేదు. గోటితో గీకి చూస్తే చిన్న వెండిచుక్క తళుక్కుమంది. ఎవరో చిల్లు పూడ్చి, సానబట్టి, మెరుగు పెట్టారు. ఎంత నున్నగా ఉందంటే, పక్కనే నిలబడి చూసినా ఎవరూ కనిపెట్టలేరు.

"ఇదెవరు చేశారు?"

ఓబులేసు మొహం పాలిపోయింది. "నేనే చేపిచ్చినా సారూ. ఎదురుపార్టోల్లు యెవుని జీపులోనో పెట్రోల్లో చక్కెర పోసినారంట. తాళం మూత తెచ్చినా. ఆ చిల్లు చూసి, దీంట్లోంచి కూడా పోస్తారేమో అని, మా ఊరి అవుసులాయన దగ్గరికి పోయి మూపిచ్చినా."

గుండుసూది పట్టని చిల్లులోంచి చక్కెర! ప్రొద్దుటూరు కంసాలి చేతికి పెట్రోలు మూత! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముక్కుపుడకకు రాయి పొదిగే చెయ్యి అది, చిల్లు పూడ్చమంటే మళ్ళీ ఊపిరాడనిస్తుందా? మామూలు ఇంజనైతే ఎలాగో నెట్టుకొచ్చేది. నేను రెండు కార్బురేటర్లు పెట్టి దాని ఆకలి పెంచాను. నిండా నింపిన ట్యాంకులో గాలికి చోటే ఉండదు. ఎత్తుదారి ఎక్కి ఇక్కడికి వచ్చేసరికి, తగ్గిన పెట్రోలు చోటుకు బయటి గాలి చేరక లోపల ఈడ్పు మొదలై పెట్రోలు కదలదు. బయల్దేరే చోటూ, నింపే చోటూ, దారీ ఒకటే కాబట్టి ఆగే చోటూ ఒకటే. కాసేపు ఆగితే మూత అంచుల్లోంచి కాస్త గాలి దూరి మళ్ళీ నడుస్తుంది. ఊళ్ళో సగం ట్యాంకుతో తిప్పితే ఏ బాధా లేదు. మెకానిక్కులు ఎవరూ మూత జోలికి పోలేదు, తాళం మొలతాడుకుంది కదా.

నేను ఇదంతా చెప్పుకొస్తుంటే ఓబులేసు చెయ్యెత్తి ఆపాడు. "కిరసనాయిలు డబ్బాకు రొండు సిల్లులు పొడుస్తాం గదా సారూ. ఒకటే పొడిస్తే కారదు." అని మోరీ గోడ మీద చతికిలబడ్డాడు. కాసేపటికి లేచి దేవదానం ముందు నిలబడ్డాడు. "నిన్ను సంపిచ్చేంత పని నేనే చేసినా గదరా. నాలుగు తన్ను నన్ను."

దేవదానం అతన్ని కింది నుంచి మీది దాకా చూశాడు. కళ్ళలో నీళ్ళు నిండాయి. "కారెక్కు మామా, పొద్దు పోతాంది" అన్నాడు.

బర్రెలామె అంతా విన్నట్టుంది. "మూత కోసమా ఇంతా?" అని బర్రెల్ని అదిలించుకుంటూ ఊళ్ళోకి పోయింది. ఆ మధ్యాహ్నానికి ఆ కబురు మిద్దెల మీదికి చేరే ఉంటుంది.

పులివెందులలో ఒక లేతు షెడ్డు వాణ్ణి పట్టుకుని, మూతను అలాగే వదిలేసి, గాలి పోవడానికి ట్యాంకు పైభాగం నుంచి సన్నటి రాగి గొట్టం డిక్కీలోకి తీశాం. చక్కెర పోయాలన్నా ముందు డిక్కీ తాళం పగలగొట్టాలి. ఓబులేసు నాలుగుసార్లు నోటితో గాలి పీల్చి చూసి తృప్తిపడ్డాడు. తర్వాత జొన్నరొట్టె, నాటుకోడి పులుసు అతని ఖర్చుతో తిన్నాం. నేను మూడు రొట్టెలకు తగ్గలేదు.

ఆ మర్నాడు పులివెందులలో సభ. పెద్దాయన జమ్మలమడుగులో కారెక్కి వెనక సీట్లో నా పక్కన కూర్చున్నాడు. తెల్ల పంచె, తక్కువ మాట. స్టీరింగు దగ్గర దేవదానం. వెనక జీపులో ఓబులేసూ మనుషులూ. ట్యాంకు గొంతుదాకా నింపాం, మానలేదు. ముద్దనూరు దాటాక పెద్దాయన చెయ్యి ముందు సీటును పట్టుకుంది. నా చెయ్యి కూడా. మోరీ కనపడింది. దేవదానం పెదవులు కదులుతున్నాయి, కీర్తన మళ్ళీ వచ్చింది. అతను తొక్కాడు. ఆ బరువంతా మోసుకుంటూ నా ఇంజన్ గర్జించి మోరీ మీదుగా ఎగిరినట్టు దాటింది. వంకలో బర్రెలామె చేతికర్ర ఎత్తి ఊపింది. నేను అరిచిన అరుపుకు పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. తర్వాత వెనక అద్దంలోంచి చూసి, "జీపోల్లు యాడప్పా?" అన్నాడు. జీపు దుమ్ములో ఎక్కడో ఉంది. ఆయన నవ్వగా నేను చూసింది అప్పుడొక్కసారే.

సభ దగ్గర దిగుతూ పెద్దాయన, "దేవదానం, సారును ఎర్రగుంట్లలో రైలెక్కిచ్చి రాపో. నేనీడనే ఉంటా" అన్నాడు. కారు లేకుండా, ఆ రోజుల్లో, ఆ ఊళ్ళో! ఆ మాటకు దేవదానం వెంటనే కదల్లేదు. పెద్దాయన పంచె పక్కకు జరిపి మొలతాడు నుంచి ఏదో విప్పి అతని చేతిలో పెట్టాడు.

వేంపల్లె మీదుగా వచ్చాం. అక్కడ టీ తాగాం, చెనక్కాయలు కొన్నాం. దారి పొడుగునా దేవదానం గొంతెత్తి పాడుతూనే ఉన్నాడు. నాకు ఒక్క కీర్తనా రాకపోయినా తాళం వేశాను. ఎర్రగుంట్లలో బండి గంట ఆలస్యం. అయినా అతను కదలనన్నాడు. నేనే బలవంతాన పంపించాను, పెద్దాయన ఎదురుచూస్తుంటాడని.

బండి కదిలాక ఊరి చివర గేటు దగ్గర అంబాసిడర్ ఆగి ఉంది, సిమెంటు లారీల మధ్య ఇరుక్కుని. అంతకుముందు ఎదురొచ్చిన రైలుకు గేటు పడి ఇరుక్కుపోయాడో, కావాలనే ఆగాడో తెలీదు. నేను కిటికీలోంచి చెయ్యూపాను. దేవదానం ఇంజన్ ఆపి, తాళాల గుత్తి తీసి, తల మీదికెత్తి ఆడించాడు. గుత్తిలో ఇప్పుడు రెండు తాళాలున్నాయి. ఒకటి కారుది, రెండోది పెట్రోలు మూతది.